సూదికి ఒక్క వైపు

లేసు గోడౌను మూసేసిన రోజున
రెండేళ్ల కూలి బాకీ కింద
గుమస్తా నా చేతిలో పెట్టాడీ పెట్టె.
కీ ఇచ్చి పాడించుకునే గ్రామఫోను,
లోపల ఒకే ఒక్క నల్ల రికార్డు.
ఎనభై ఆరు వరదలో దాని కాయితం ఊడిపోయిందట,
పాడే ఆవిడ ఎవరో పెట్టెకీ తెలీదు.

భయంభయంగా పది చుట్లు తిప్పాను.
గట్టిగా తిప్పితే లోపల స్ప్రింగు తెగిపోదూ!
పల్లవి బాగానే ఎత్తుకుంది,
చరణంలోకి వచ్చేసరికి గొంతు మగాడిదైంది,
ఆ తర్వాత దున్నపోతుది,
ఆ తర్వాత నిద్ర.

పక్కింటి మార్తమ్మ మనవడు ఉలిక్కిపడి లేచాడంటే
సౌండు తగ్గించే మీట కోసం పెట్టె చుట్టూ వెతికాను.
మూత దించితే చాలని తెలీక
మా ఇంటి తలుపులన్నీ మూసుకుని
చెమటలు కక్కుతూ విన్నాను.

కీచుమంటోందని కొబ్బరినూనె పోశాను.
మా సఖినేటిపల్లిలో తలకీ, తలుపు బందుకీ,
పసిబిడ్డ మాడుకీ అదే కదా.
మర్నాటికి చీమలు వరసకట్టి
పాట వినడానికి వచ్చాయి.

పాతసామాన్ల బండి మీద
తమలపాకంత పల్చటి ప్లాస్టిక్ రికార్డు దొరికితే
ఇరవైకి బేరమాడి అదీ వేశాను.
ఇనప తలకాయ దాని మీద
ఆకుమడిలో ట్రాక్టరు దింపినట్టు నడిచింది.
తెల్లగా చాళ్లు పడ్డాయి. మొలకలేం రాలేదు.

ఆఖరికి దుప్పట్లో మూటగట్టి పంటు ఎక్కాను.
"హార్మోనీయమా?" అంది ఆదెమ్మ, రొయ్యల గంప దించుకుంటూ.
నడి గోదారిలో మూట బుర్రుమంది.
కీ దించకుండా, బ్రేకు పెట్టకుండా కట్టేశాను కదా,
దుప్పటి లోపల పళ్లెం
పాట లేకుండానే గిరగిరా తిరుగుతోంది.
పంటు నడిపేవాడు ఇంజను వైపు అనుమానంగా చూశాడు.

నరసాపురంలో గడియారాల ఇస్సాకుగారు
కంటికి భూతద్దం బిగించుకుని
ముందు నవ్వలేదు.
వేలితో తడిమి, వాసన చూసి, "కొబ్బరిదే" అన్నారు.
తర్వాత చాలాసేపు నవ్వారు.
"బిగిసేదాకా తిప్పండమ్మా, ఏం కాదు,
ఇంక చాలని మీ చెయ్యే చెబుతుంది.
పాడించుకున్నాక కీ దించేసి పడుకోబెట్టండి.
సరే గానీ, సూది ఎన్నిసార్లకి మారుస్తున్నారు?"

మార్చడమేంటి?
నా లేసు సూది మా మేనత్తది.
ముప్ఫై రెండేళ్లుగా నా వేలి గుంటలో పడుకుంటోంది.
అరిగేకొద్దీ నునుపు తేలి
దారం దానంతటదే జారుతుంది.
సూది అరిగిందని పారేసే చెయ్యి కాదిది.

ఇస్సాకుగారు రికార్డుని వెలుగులో ఏటవాలుగా పట్టుకున్నారు.
మధ్యలో బూడిద రంగు చార.
సూది మొన దగ్గర పొడి చేరితే
రోజూ చీర కొంగుతో తుడిచేదాన్ని.
"అది దుమ్ము కాదమ్మా," అన్నారు మెల్లగా.
"పాట."

పదకొండు రోజులు
ఆవిడ గొంతుని నా కొంగుకి తుడుచుకున్నాను.

సూదికి ఒక్క వైపు. అంతే. తీసి పారెయ్యాలి.
అగ్గిపెట్టెంత రేకు డబ్బాలో వంద సూదులిచ్చి
డబ్బులెంతో చెప్పలేదు గానీ
"వాడినవి మాత్రం దాచుకోకండి" అన్నారు.

దాచుకున్నాను.
ఇంకా మొనలున్నాయి కదా అని
తడి లేసు పువ్వుని దిండు మీద సాగదీసి
వాటితోనే గుచ్చాను.
సముద్రపు గాలి రాత్రికి రాత్రే పని చేసింది.
పొద్దున్న తెల్ల పువ్వు చుట్టూ
ఆరు తుప్పు చుక్కలు.
ఏజెంటు ఆ ముక్క నా ఒళ్లోకి విసిరేసి పోయాడు.

ఇప్పుడది పెట్టె మీద ఉంటోంది.
ఉతకలేదు.
పాట బూడిదైన చోట
ఆవిడ ఇసకలో నడుస్తున్నట్టుంటుంది,
అక్కడికి రాగానే దారం ఆపేసి వింటాను.

రెండో వైపు ఇంకా వెయ్యలేదు.
సూదులు తొంభై నాలుగున్నాయి.